గజ్జెల కోసం ట్వీటర్ వెతుక్కుంటూ వైజాగ్‌లో ఒక రోజు

మంచి స్పీకర్ల కోసం రైలెక్కి ఇంకో ఊరు వెళ్లాలా, దగ్గర్లో దొరికినవి కొనుక్కుంటే సరిపోదా అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. వెళ్లండి అనే నా జవాబు. కాకపోతే ఒక్కరే వెళ్లకండి. ఈ రెండో మాట నాకెలా తెలిసిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఎనభైల మొదట్లో నేను రాజమండ్రిలో ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. ఇంట్లో ప్లైవుడ్ ముక్కలు కోసుకుని స్పీకరు పెట్టెలు బిగించుకోవడం నా పిచ్చి. స్పీకరు పెట్టెలో కింద పెద్దగా కనిపించేది ఊఫర్. డోలు, మద్దెల, మగ గొంతు దాని వంతు. పైన చిన్నగా ఉండేది ట్వీటర్. తాళాలు, గజ్జెలు, మాటల్లో 'స'కారాలు దాని వంతు. ఊఫర్ బాగోకపోతే ఎవరికైనా తెలిసిపోతుంది. ట్వీటర్ బాగోకపోతే ఏదో తక్కువైందని మాత్రమే అనిపిస్తుంది, ఏం తక్కువైందో చెప్పడం రాదు.

మా ఇంట్లో ఏం తక్కువైందో చెప్పింది మా అక్క మామగారు అప్పలస్వామి, నాకూ మావయ్యే. అంతకు మూడేళ్ల ముందు ఆనందపురం దగ్గర వాళ్ల ఊళ్లో గంగమ్మ జాతర జరిగితే, కాలేజీ స్పూల్ టేప్‌రికార్డరు బతిమాలి పట్టుకెళ్లి తప్పెటగుళ్లు రికార్డు చేశాను. తప్పెటగుళ్లు చూడనివాళ్ల కోసం ఒక ముక్క చెబుతాను. పదిహేను, ఇరవై మంది మగవాళ్లు ఛాతీకి తప్పెటలు, కాళ్లకు గజ్జెలు కట్టుకుని, వాయిస్తూ పాడుతూ గిర్రున తిరుగుతూ ఆడతారు. మావయ్య ఆ దళంలో చేయి తిరిగిన ఆటగాడు. ఆయన పక్కన ఎప్పుడూ పైడయ్య ఉండేవాడు. మీసాలు రాకముందు నుంచీ ఇద్దరూ పక్కపక్కనే ఆడారు. నేను మైకును వెదురు గడకు కట్టి వాళ్లిద్దరూ ఉన్న కొసన పాతాను.

ఆ రోజు పొరుగూరి దళం వచ్చి చూస్తుండగా, మావయ్య వాళ్ల ఆటలో వేగంగా తిరిగే ఒక చోట ఎవరిదో అడుగు తప్పింది. వరుస చెదిరి వెనకవాళ్లు ముందువాళ్ల మీద పడ్డారు, జనం నవ్వారు. "పైడిగాడు అడుగు తప్పీసినాడు" అని మావయ్య అందరి ముందూ అనేశాడు. పైడయ్య అక్కడే కూర్చుని గజ్జెలు విప్పి, మావయ్య కాళ్ల దగ్గర పెట్టి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. జత విడిపోయాక దళమూ నిలబడలేదు. మావయ్య మోకాళ్లు పట్టేసి, వైజాగ్ పోర్టులో క్రేన్ డ్రైవరుగా ఉన్న కొడుకు దగ్గరికి, అంటే మా రమణ బావ దగ్గరికి వచ్చేశాడు. పైడయ్య ఆనందపురం జంక్షన్‌లో కొడుకుతో కలిసి టీకొట్టు పెట్టుకున్నాడు.

నేను ఎప్పుడు వైజాగ్ వెళ్లినా మావయ్య అడిగేది ఒకటే. "ఒలే గుంటా, ఆ టేపు యెయ్యి." బావ సంపాదించిన పాత స్పూల్ మెషీనుకు నేనే చేసిచ్చిన పెట్టె తగిలించి వేసేదాన్ని. ఆయన చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని చివరిదాకా వినేవాడు. తప్పెటలు దడదడలాడేవి, పాట స్పష్టంగా ఉండేది. అయిపోయాక తల అడ్డంగా ఊపి, "గజ్జిలు నేవు" అనేవాడు. ఉన్నాయి మావయ్యా అంటే, "అవి గజ్జిలేటి, ఎవుర్తో బియ్యం సెరుగుతంది" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. మండినా ఆయన మాట నిజమే. ఆ పెట్టెలో ఉన్నది చవక కాగితపు ట్వీటర్. ముప్ఫై కాళ్ల మోతనీ కలిపి ముద్ద చేసి పెట్టేది. హెడ్‌ఫోన్ తెచ్చి పెడితే, ఆట ఎదురుగా నుంచి రావాలి గానీ బుర్రలోంచి రావడమేటని తీసి పక్కన పెట్టేశాడు. ఇంక ఆడలేని మనిషి, తన గజ్జెల మోత తనే విని మురవాలని ఆశపడుతున్నాడని నేనూ బావా అనుకున్నాం. ఆ ఆశ తీర్చాలని పంతం పట్టాం.

సీతమ్మధారలో మూర్తి గారని ఒక పెద్దాయన ఉన్నారని బావే కనుక్కున్నాడు. ఓడల్లో రేడియో ఆఫీసరుగా చేసి రిటైరయ్యారు. తిరిగిన ప్రతి రేవులోనూ రకరకాల ట్వీటర్లు కొని తెచ్చుకున్నారు. దుకాణం లేదు. ఆయన ఇంటికెళ్లి, కూర్చుని, విని, నచ్చింది చెబితే టేకు పెట్టె చేసి బిగించి ఇస్తారు. అప్పట్లో మన దగ్గర అలాంటి అవకాశం అరుదు. స్పీకర్లంటే బజార్లో చూసి కొనేవే గానీ విని కొనేవి కావు.

రాజమండ్రిలో తెల్లవారుజామున బండి ఎక్కితే టిఫిన్ల వేళకు వైజాగ్‌లో దిగొచ్చు. అనకాపల్లి దాటాక కుడివైపు కిటికీ దగ్గర కూర్చుంటే దూరంగా ఉక్కు ఫ్యాక్టరీ కోసం లేస్తున్న క్రేన్లు కనబడేవి. ఊరికి ముందే ఆకాశానికి నిచ్చెనలు వేసినట్టుండేది. స్టేషన్ నుంచి వన్‌టౌన్‌కు రిక్షాలో రెండు రూపాయలు. నా ఒళ్లో ఉన్న రేకుడబ్బాను రిక్షా అతను రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

"సున్నుండలేటమ్మా, అంత బద్రంగా పట్టుకున్నావు?"

"కాదు, పాట."

"పాటని డబ్బాలో పెట్టీసినారా. మా ఇంటిదాన్ని కూడా అలగే పెట్టీగలరేటి?"

వన్‌టౌన్ అంటే హార్బరు పక్కనున్న పాత ఊరు. సందు చివర నిలబడితే ఎదురుగా డాల్ఫిన్ నోస్ కొండ, దాని కింద నుంచి ఇంటి కన్నా ఎత్తైన ఓడ చప్పుడు లేకుండా జరుగుతూ పోతుంటుంది. ఎన్నిసార్లు చూసినా నా కాళ్లు అక్కడ ఆగిపోతాయి. అయితే ఆ సందులో ఇంకోటి కూడా ఉంటుంది. ఎగుమతికి వచ్చే ఇనుప ఖనిజం ధూళి. గోడలు, ఆరేసిన చీరలు, గిన్నెలు, అన్నిటి మీదా పల్చగా ఎర్రటి పొడి. అక్క పొద్దున తుడిచిన కిటికీ మధ్యాహ్నానికి మళ్లీ ఎర్రబడుతుంది. బావ నన్ను డాబా మీదకు తీసుకెళ్లి పిట్టగోడ మీద పెట్టిన పాత స్పీకరు అయస్కాంతం చూపించాడు. దాని చుట్టూ నల్లెరుపు పొడి దట్టంగా పేరుకుని ఉంది.

"సూడు టీచరమ్మా. వారం కింద పెట్టినాను. గెడ్డం పెంచీసింది" అన్నాడు. దాని సంగతి ఆ క్షణానికి నాకు నవ్వులాటగానే తోచింది.

ఇడ్లీలు తిని ముగ్గురం బయల్దేరాం. మావయ్య చంకలో తువ్వాలు చుట్టిన మూట ఒకటి ఉంది. ఏమిటది మావయ్యా అంటే, "నాదే" అన్నాడు. దారిలో ఆకలేస్తుందని ఏదో కట్టుకున్నాడనుకున్నాం. సిటీ బస్సులో బావ నన్ను వదల్లేదు. "మీ అక్క నీకు పెళ్లి సంబందాలు సూత్తంటే నువ్వు డబ్బా సంబందాలు సూసుకుంటన్నావు" అని కండక్టరు వినేలా అన్నాడు. డబ్బాలైతే నచ్చకపోతే మార్చుకోవచ్చు బావా అన్నాను. కండక్టరు టిక్కెట్టు చించుతూ, "పాయింటే" అన్నాడు.

మూర్తి గారిల్లు సీతమ్మధారలో ఒక డాక్టరు గారి క్లినిక్ వెనక సందులో ఉంది. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ ఒక కన్ను మూసుకుని వినే మనిషి. గోడలకు దుప్పట్లు వేలాడదీసిన పెద్ద గదిలో, టేకు స్టాండు మీద ఒకే ఒక ఊఫర్ పెట్టె, దాని మీద ఒక పలక, ఆ పలకకు వరసగా నాలుగు ట్వీటర్లు. పక్కన ఒక మీట. ఊఫర్ అదే ఉంటుంది, మీట తిప్పితే ట్వీటర్ మాత్రమే మారుతుంది. ఇంత న్యాయమైన పరీక్ష నేను కాలేజీ ల్యాబులో కూడా పెట్టలేదు. మమ్మల్ని చూసి ఆయన అడిగిన మొదటి మాట, "ఇల్లెక్కడ?"

"వన్‌టౌనండి. హార్బరు పక్కనే" అన్నాడు బావ.

ఆయన రెండో కన్ను కూడా మూసుకున్నారు. "సరే. ముందు వినండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం."

మావయ్యను సోఫాలో కూర్చోమంటే కూర్చోలేదు. ఓడ దొరల ఇల్లని గుమ్మం పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నా టేపు మూర్తి గారి స్పూల్ మెషీన్ మీదకెక్కింది. మొదటిది కాగితపు ట్వీటర్, మా ఇంట్లో ఉన్న రకమే. బియ్యం చెరగడం మొదలైంది. మావయ్య నా వైపు చూడను కూడా చూడలేదు. రెండోది హారన్, సినిమా హాళ్లలో తెర వెనక పెట్టే రకానికి చిన్నది. మీట తిప్పగానే గజ్జెలు ఒక్క దూకున ముందుకు వచ్చాయి. చిన్న యాంప్లిఫయరుతోనే ఊరంతా వినిపించగలదు. కానీ ఎంత బంగారు గొంతునైనా అరిపించి వదులుతుంది. "ఇవి గజ్జిలు కావు, ఎడ్ల మెళ్లో గంటలు" అన్నాడు మావయ్య.

మూడోది డోమ్. జిగురులాంటి మందు పూసి బిగించిన పట్టుగుడ్డ, అర నిమ్మచెక్కంత, బోర్లించినట్టుంటుంది. దాని మోత గదంతా సమంగా పరుచుకుంది. ఎక్కడ నిలబడ్డా ఒకేలా ఉంది. గజ్జెలు గజ్జెల్లా ఉన్నాయి, కటువుదనం లేదు. తొలిసారి నా టేపులో మనుషులు కనబడ్డట్టయింది. "ఇది బాగుంది. మనుసులున్నారు" అన్నాడు మావయ్య కూడా. నేను అక్కడితో ఆగిపోయేదాన్నే. మూర్తి గారు వేలు ఎత్తి ఆగమన్నారు.

నాలుగోది రిబ్బన్. చదువుకోవడమే గానీ నేను అంతవరకూ చూడలేదు. రెండు బలమైన అయస్కాంతాల మధ్య నిలువుగా వేలాడే సన్నటి అల్యూమినియం రేకు. మిఠాయి మీద అతికించే వెండిరేకుకు కుచ్చిళ్లు పెడితే ఎలా ఉంటుందో అలా ఉంది. దానికి వేరే కాయిల్ లేదు, గుడ్డ లేదు, కాగితం లేదు. కరెంటు ఆ రేకులోంచే పోతుంది, ఆ రేకే పాడుతుంది. దగ్గరకెళ్లి చూడబోతే మూర్తి గారు నా నోటికి చెయ్యి అడ్డం పెట్టారు. ఊపిరి గట్టిగా తగిలితే చిరిగిపోతుందట.

ఆయన మీట తిప్పారు. నేను చదివిన ఫిజిక్సు ఆ క్షణాన నాకు ఎందుకూ కొరగాలేదు. గోడ లేదు, దుప్పట్లు లేవు. ఎండిన మడిలో పదహారు మంది మగవాళ్లు నా ఎదుట ఆడుతున్నారు. గజ్జెల మోత అనే ముద్ద పోయి, ఒక్కొక్క కాలూ విడివిడిగా నేలను తాకుతోంది. ఒక్కొక్క గజ్జెలో లోపలి గుండు దొర్లి ఆగడం కూడా వినబడుతోంది. తప్పెట దెబ్బకూ తప్పెట దెబ్బకూ మధ్య నిశ్శబ్దం ఉంటుందని ఆ టేపు రికార్డు చేసిన నాకే తెలీదు. నేనే పట్టుకున్న శబ్దం అది. మూడేళ్లు నా బీరువాలో ఉంది. ఎంత పెద్దది నా దగ్గర పెట్టుకుని, ఎంత చిన్నది విన్నానో అనుకుంటే కళ్లు చెమర్చాయి. బావ నోరు తెరుచుకుని ఆ రేకు వైపే చూస్తున్నాడు.

"మళ్లీ నేవు" అన్నాడు మావయ్య గుమ్మం దగ్గర నుంచి.

నాకు నిజంగా కోపం వచ్చింది. మూర్తి గారికి మాత్రం నవ్వొచ్చింది. "పెద్దాయనా, ఇది నిలబడ్డవాళ్లకి పలకదు. దీని మోత అడ్డంగా పోతుంది గానీ పైకీ కిందకీ పోదు. కూర్చోవాలి. చెవిని దాని ఎత్తుకు దించాలి" అన్నారు. సోఫా వద్దన్నాడని వంటింట్లోంచి ఎత్తుపీట తెప్పించి రేకుకు ఎదురుగా వేయించారు. మావయ్య మోకాళ్ల మీద చేతులు ఆనించి మెల్లగా దిగి కూర్చున్నాడు.

కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడు. టేపు అయిపోయింది. "మళ్లీ యెయ్యి" అన్నాడు. వేశాను. మళ్లీ వెయ్యమన్నాడు. తర్వాత చంకలో మూట ఒళ్లో పెట్టుకుని విప్పాడు. అందులో తినేదేమీ లేదు. రెండు జతల గజ్జెలున్నాయి, రెండూ చింతపండుతో తోమి మెరుస్తున్నాయి. ఒక జత ఇత్తడివి, మావయ్యవి. ఇంకోటి పాత కాలపు కంచువి.

బావ ముందుకు వంగాడు. "ఇవి పైడి బాబాయివి గదా నాన్నా? గెడ్డ నీళ్లల్లో పారీసినానన్నావు."

"పారీసినాను. మళ్లీ దిగి తెచ్చీసినాను."

ఇత్తడి జతను రేకు పక్కన పట్టుకుని ఒకసారి విదిలించాడు. ఘల్లు, కాస్త బొంగురుగా. కంచు జతను విదిలించాడు. సన్నగా, ఎత్తున, పోయాక కూడా ఒక తీగ మిగిలినట్టు. మూర్తి గారు తెరిచిన కన్నుతో ఆ ముసలి చేతుల్ని చూస్తున్నారు. ట్వీటర్‌ను అసలు మోత పక్కన పెట్టి పరీక్షించడం కన్నా పెద్ద పరీక్ష ఏముంటుంది? "ఇప్పుడు యెయ్యి గుంటా. తిరిగే కాడ" అన్నాడు.

ఎక్కడో నాకు తెలుసు. అక్కడికి తిప్పి వదిలాను. పాట వేగం అందుకుంది, తప్పెటలు ఉరికాయి, అడుగులన్నీ ఒక్కటిగా పడుతున్నాయి. మైకుకు దగ్గరగా ఉన్న రెండు జతలూ మిగతావాటి మీద తేలుతూ కలిసి పోతున్నాయి. ఆ తిరుగుడులో, ఒక జత సరిగ్గా తప్పెట మీద పడింది. రెండోది రెప్పపాటు వెనకబడింది. వెనువెంటనే అంతా చెల్లాచెదురు. ఇది నాకూ వినపడింది, బావకూ వినపడింది, మూర్తి గారికీ వినపడింది. "ఎవరిదో ఒక అడుగు ఆలస్యమైంది" అని ఆయన మెల్లగా అన్నారు. ఎవరిదో మాత్రం మా ముగ్గురిలో ఎవరికీ తెలియలేదు. అంత వేగంలో ఇత్తడేదో కంచేదో పోల్చుకునే చెవి మాకు లేదు. ఆ గదిలో తెలిసింది ఒక్కరికే. పైడిగాడిదేనని ఆయనంటే మేం ముగ్గురం నమ్మి ఉండేవాళ్లం. నేనూ బావా అయితే మూడేళ్లుగా నమ్ముతూనే ఉన్నాం.

"ఆపీ" అన్నాడు మావయ్య. ఆపాను. గజ్జెలు రెండూ ఒళ్లోనే ఉన్నాయి, వేళ్లు ఇత్తడి జత మీద ఉన్నాయి.

"యెనకబడ్డది ఇత్తడి. నాది."

 ఆయనే చెప్పుకున్నాడు. "ఆటలో ఎవుడి గజ్జి ఆడికి ఇనపడదు గుంటా. పక్కోడిది ఇనిపిత్తాది. దాన్ని పట్టుకునే అడుగెయ్యాల. నాను ఇన్నాళ్లూ ఎతుకుతన్నది నా గజ్జి కాదు, పైడిగాడిది. అది లేటయ్యిందని ఒక్కసారి ఇంటే నాకు నిద్దరడతాదని. అది లేటవ్వలేదు. పొరుగూరోళ్లు సూత్తన్నారని ఊపులో నానే ఇన్లేదు. ఆడలేక మద్దెల ఓడన్నాను." కాస్త ఆగి, "నా గజ్జి నాకు ఇనపడ్డం ఇదే మొదలు. కూకున్నాను కాబట్టి ఇనిపించింది" అన్నాడు.

అల్యూమినియం రేకు మీద నాకున్న ఆశ్చర్యం ఆ మాటతో ఆ పీట మీద కూర్చున్న మనిషి మీదకు మళ్లింది. నిజాన్ని రేకు విడదీసి పెట్టింది, అంతే. దాన్ని తనదని ఒప్పుకోవడానికి ఏ రేకూ సాయం చెయ్యదు. నాకు ఆయన కాళ్లకు దండం పెట్టాలనిపించింది.

భోజనం మూర్తి గారింట్లోనే. వంట చేసే నారాయుడు వంకాయ కూర వడ్డిస్తూ, "ఈ ఇంట్లో మూకుడు సప్పుడైనా నేరమే బాబూ. ఇయ్యాలేటి, గజ్జిలు మోగించీసినా అయ్యగారు ఊరుకున్నారు" అన్నాడు. భోజనాలయ్యాక మూర్తి గారు అసలు సంగతి తీశారు. ఎవరికి ఏది బిగించమంటారు? నాకు రిబ్బనే కావాలన్నాను. రాజమండ్రి ఇంట్లో ధూళి తక్కువ, గది చిన్నది, కూర్చుని వినేదాన్ని నేనొక్కదాన్నే. ఏ వైపు గాలి వస్తుందో చూసి పెట్టుకోండి, వాడనప్పుడు గుడ్డ కప్పండి, రేకు చిరిగితే నా దగ్గరకు తీసుకురండి అన్నారు. బావ వైపు తిరిగితే, బావ మావయ్య వైపు తిరిగాడు.

"మాకు ఆ రేకుది వొద్దు బాబూ" అన్నాడు మావయ్య గంభీరంగా. "మాది వన్‌టౌను. ఎర్ర దూళి. అంత అయస్కాంతం ఎట్టుకుంటే ఇనుప్పొడంతా దాన్లోకే పోద్ది. రేకు బతకదు."

"సరిగ్గా నేను చెప్పాలనుకున్నదే" అన్నారు మూర్తి గారు. నిజంగానే అది ఫిజిక్సు పుస్తకంలో రాసుకోదగ్గ కారణం. రిబ్బన్‌కు అయస్కాంతాల మధ్య సందు తెరిచే ఉంటుంది. డోమ్‌కు ఆ సందు గుడ్డ వెనక దాక్కుని ఉంటుంది. పొద్దున పిట్టగోడ మీద గెడ్డం పెంచిన అయస్కాంతం అప్పుడు గుర్తొచ్చింది.

"మరి డోమ్ బిగించనా?"

"ఆ గుడ్డదే యెయ్యండి. అది మంచిది. ఉన్నదంతా సెప్పీయదు."

బావ నా చెవిలో, "దూళి సంగతి నాన్నకి బలే కలిసొచ్చింది" అన్నాడు. నేను నవ్వు దాచుకోవడానికి టేపును డబ్బాలో సర్దాను.

ఇంటికి వెళ్లే బస్సు కోసం మద్దిలపాలెం దాకా నడిచాం. అక్కడ మావయ్య రోడ్డు ఇటువైపు నిలబడక అటువైపు దాటాడు. ఆనందపురం మీదుగా విజయనగరం పోయే ఎర్ర బస్సులు ఆగేది అటువైపు. మేమూ ఆయన వెనకే దాటాం. బస్సు హనుమంతవాక దాటి, ఎడమ చేతి వైపు సింహాచలం కొండల్ని వెంటబెట్టుకుని ఎక్కుతూ దిగుతూ పోయింది. జీడితోటలు, ఎర్రమట్టి, అక్కడక్కడ తాడిచెట్లు. ఇప్పుడు ఆ దారంతా మేడలే. అప్పుడు మాత్రం ఊరు దాటిన పది నిమిషాలకే పల్లె గాలి తగిలేది. మావయ్య దారి పొడుగునా మూట ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

ఆనందపురం జంక్షన్‌లో సాయంత్రం వేళ బంతిపూల బస్తాలు దిగుతుంటాయి. వాసన బస్సు ఆగకముందే వస్తుంది. టీకొట్టు జంక్షన్‌లోనే ఉంది. పైడయ్య పొడుగు గుడ్డసంచీలో టీ వడకడుతున్నాడు. మమ్మల్ని చూశాడు. చెయ్యి ఆగలేదు. "మోకాళ్లు బాగున్నాయేటి అప్పలసామీ" అన్నాడు, నిన్ననే కలిసిన మనిషితో అన్నట్టు.

మావయ్య మూట విప్పి కంచు గజ్జెలు బల్ల మీద పెట్టాడు. మూడేళ్ల మాట ఒక్క గుక్కలో అనేశాడు. "ఆ యేల అడుగు తప్పింది నాను."

"తెలుసు."

"తెలుసా?"

"నీ పక్కనే ఆడినాను గదేటి. నీ గజ్జి నాకినపడకపోద్దా?"

మావయ్య బల్ల అంచు పట్టుకున్నాడు. "మరి అప్పుడు నలుగుర్లో సెప్పలేదేటి? నాను అంత మాటన్నప్పుడు?"

పైడయ్య సంచీ పక్కన పెట్టాడు. "నీ గజ్జి నాను ఇన్నాను. నాది నువ్వు ఇన్లేదు. ఇంక నోటితో ఏటి సెప్పమంటావు?" అన్నాడు. గొంతులో కోపం లేదు.  ఆ మాట అనడానికి పైడయ్యకు మూడేళ్లు పట్టింది, వినడానికి మావయ్యకూ మూడేళ్లు పట్టింది.

"ఇయ్యాల ఇన్నాన్రా" అన్నాడు మావయ్య. "పొద్దుటేల నుంచీ అదే ఇన్నాను. నీది సరిగ్గా తప్పెట మీద పడింది."

పైడయ్య గజ్జెలు తీసి, చెవి దగ్గర పెట్టుకుని విదిలించాడు. ఆ సన్నటి తీగ మోత లారీల రొదలో కూడా విడిగా వినపడింది. "సింతపండెట్టి తోమినావేటి?"

"పండగ పండక్కీ."

పైడయ్య పొయ్యి వెనక మేకుకు వాటిని తగిలించి, రెండు గ్లాసుల్లో టీ పోసి, బయట బెంచీ మీదకు వచ్చి మావయ్య పక్కన కూర్చున్నాడు. మేం కాస్త దూరంలో నిలబడి మా టీ మేం తాగాం. బావ టీలో చక్కెర సరిపోలేదని నాలుగుసార్లు అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ.

ఆ తర్వాత నేను చాలా స్పీకర్లు విన్నాను. చాలా ఊళ్లు తిరిగాను. నా రిబ్బన్ రేకు రెండుసార్లు మారింది, ఇప్పటికీ పాడుతోంది. వన్‌టౌన్‌లో బావ డోమ్ ఎర్ర ధూళిలో కూడా చెక్కుచెదరలేదు. పైడయ్య వచ్చినప్పుడల్లా ఇద్దరు ముసలాళ్లూ దాని ముందు కూర్చుని ఆ టేపే వేయించుకునేవారు, తిరిగే చోటు రాగానే ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేవారు. ఏ ట్వీటర్ గొప్పదని ఎవరైనా అడిగితే నేను ఇప్పటికీ రిబ్బన్ అనే అంటాను, మీ ఇంటి గాలి దానికి పడుతుందో లేదో చూసుకోమంటాను. కానీ ట్వీటర్ చేసేది సగం పనే. మన పక్కన ఎవరు ఏ అడుగు వేశారో వినాలనే కోరిక మిగతా సగం. దాన్ని ఏ రేవులోనూ అమ్మరు. అందుకే వెళ్తే ఒక్కరే వెళ్లకండి, ఆ పాట పుట్టిన చోట ఉన్నవాళ్లెవరినైనా వెంట తీసుకెళ్లండి.

ఇంక పనికొచ్చే చిట్కా ఒక్కటే. షాపువాడు ఎంత తొందరపెట్టినా సరే, గుమ్మం దగ్గర నిలబడి విని ఏదీ తేల్చెయ్యకండి. ఒక పీట అడగండి, కూర్చోండి, చెవిని దాని ఎత్తుకు దించి, మళ్లీ మొదటి నుంచి వినండి.